దిద్దిన చేయి



ఆంధ్రమహాభారత అవతారికలో నన్నయభట్టు తనకు తోడ్పడిన నారాయణభట్టును కృతజ్ఞతతో తలచుకొన్నాడు. భారతయుద్ధమునందు అర్జునునకు నారాయణుడు తోడైనట్లు, భారతరచనయందు తనకీ నారాయణుడు తోడైనాడని చెప్పుకొన్నాడు. పైపైని చూడ ఈ పోలిక పేరును బట్టి పుట్టినట్లుండును గాని, దాని లోతు వేరు. ఆ యుద్ధములో శ్రీకృష్ణుడు విల్లు పట్టలేదు. బాణము వేసినవాడు అర్జునుడే. అయితే రథమును ఎక్కడ నిలుపవలెనో, ఎప్పుడు మరలింపవలెనో ఎరిగినవాడు ముందు కూర్చుండినాడు. ఈ నారాయణభట్టునకే రాజరాజనరేంద్రుడు నందంపూడి అగ్రహారమిచ్చినట్లు శాసనము కలదని పండితుల నిర్ణయము. నేటి రచయితల మిత్రులు మాత్రము ఒక కప్పు కాఫీతో తృప్తిపడవలసినదే!

జంటకవిత్వమన్నచో మనకు కొత్త గాదు. తిరుపతిశాస్త్రిగారు 1920లో గతించిన తరువాత కూడ చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తమ రచనలను ఇద్దరి పేరునను వెలువరించినారు. అది ఉదాత్తమైన స్నేహము. కాని నేను చెప్పదలచినది అది కాదు. గ్రంథముపై తన పేరు లేకున్నను, మరియొకని చిత్తుప్రతిని తనదానివలె చదివి, దిద్ది, తిరిగి యిచ్చివేయు మిత్రుని సంగతి.

ఇందుకు ఇంగ్లీషు సాహిత్యమునందు గొప్ప నిదర్శనము టి. ఎస్. ఎలియట్ రచించిన 'ది వేస్ట్ లాండ్' అను కావ్యము. 1921లో ఎలియట్ లండనులో లాయిడ్సు బ్యాంకు ఉద్యోగి. మనస్సు చెదరి, వైద్యుల సలహాపై మూడు నెలలు సెలవు తీసికొని, స్విట్జర్లాండులోని లోజాన్ నగరమునకు చికిత్సకై పోయినాడు. కావ్యములో చాల భాగము అక్కడనే పూర్తియైనది. 1922 జనవరిలో తిరిగి వచ్చుచు, పారిస్‌లోనున్న మిత్రుడు ఎజ్రా పౌండ్ చేతిలో ఆ కాగితముల కట్ట పెట్టినాడు.

పౌండ్ మొగమాటపడలేదు. పుటలకు పుటలు కొట్టివేసినాడు. పోప్ కవి ఫక్కిలో వ్రాసిన ద్విపదల భాగమొకటి యుండెను. పోప్ చేసినదానిని అంతకంటె బాగుగా చేయజాలనప్పుడు దానిని అనుకరించుట యెందుకని దానిని తీయించినాడు. నాల్గవ భాగమునందలి తొంబది పైచిలుకు పంక్తులలో మిగిలినవి పది. మొత్తముమీద కావ్యము దాదాపు సగమైనది.

ఇంతవరకు చాలమంది ఎరిగినదే. నాకు ముచ్చట గొలుపునది తరువాతి సంగతి. ఇంత కోత చూచి ఎలియట్ అధైర్యపడి, మిగిలిన ఆ పది పంక్తులను గూడ తీసివేయుదునా అని జాబు వ్రాసినాడు. కూడదు, అవి కావ్యమునకు ప్రాణాంగమని పౌండ్ గట్టిగా నిలిపినాడు. నరకుట తెలిసినవారు పలువురుందురు. ఎక్కడ కత్తి దించవలెనో తెలిసినవారు కొందరే.

ఎలియట్ భార్య వివియన్‌ను గూర్చి కూడ చెప్పవలెను. ఆ చిత్తుప్రతి అంచులయందు ఆమె వ్రాసిన మెచ్చుకోళ్లు, సూచనలు నేటికిని కనబడుచున్నవి. పానశాలలోని స్త్రీల సంభాషణకు ఆమె ఒక పంక్తినిచ్చినది. తనకు నొప్పి కలిగించిన మరియొక పంక్తిని తీయించినది. ఆ దాంపత్యము సుఖముగా సాగినది కాదు. అయినను కావ్యము దగ్గర ఆమె చెవి నమ్మదగినదేనని ఆయన ఒప్పుకొన్నాడు.

చెవి యన్నాను. మా రేడియోవారి అనుభవము గూడ అదే. కంటికి నున్నగా కనబడిన వాక్యము, ఒకరెదుట పైకి చదివినప్పుడు ఊపిరి చాలక నడుమ విరిగిపోవును. వినువాడు కాళ్లు కదల్చుకొన్న చోట, గడియారము వంక చూచిన చోట, పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకొనుట మేలు. 'బాగున్నది' అను మాటకంటె ఆ గుర్తు ఎక్కువ పనికివచ్చును. వినువానికి గూడ ఒక నియమము కలదు: తానైతే ఎట్లు వ్రాసియుందునో చెప్పరాదు. మిత్రుడు వ్రాయబూనినదేమో కనిపెట్టి, అది యెక్కడ తప్పిపోయెనో చూపవలెను. ఇది వినుటకు సులభము. తానే రచయితయైన వానికి మాత్రము మిక్కిలి కష్టము.

ఎలియట్ తన ఋణము దాచుకొనలేదు. డాంటే కావ్యమునందు ఒక పూర్వకవికి చెల్లిన ప్రశంసను ఎత్తి, కావ్యమును పౌండ్‌కు అంకితమిచ్చినాడు. పౌండ్ తరువాతి జీవితము వేరు. రెండవ ప్రపంచయుద్ధకాలమున రోము రేడియో నుండి ఆయన చేసిన ప్రసంగములు ద్వేషభరితములు. వాటిని సమర్థింపవలసిన పని లేదు. రాజద్రోహ నేరము మోపబడి, ఏండ్ల తరబడి వాషింగ్టనులోని మానసిక వైద్యశాలలో నిర్బంధింపబడినాడు. 1958లో ఆయన విడుదల కొరకు పాటుపడినవారిలో ఎలియట్ ఒకడు.

ఆ దిద్దిన ప్రతిని 1922లోనే ఎలియట్ న్యూయార్కులోని న్యాయవాది జాన్ క్విన్‌కు పంపివేసినాడు. ఆ పిమ్మట అది యేమైనదో ఆయనకు తెలియలేదు, 1965లో కన్నుమూసినాడు. అది న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీలో ఉన్నట్లు 1968లో వెల్లడియైనది. ఆయన రెండవ భార్య వాలెరీ దానిని, కొట్టివేతలు, అంచులలోని వ్రాతలు యథాతథముగా కనబడునట్లు, 1971లో ముద్రింపించినది. అప్పటికి పౌండ్ ఎనుబదియైదేండ్లు దాటిన వృద్ధుడు. ఆ గ్రంథమునకు చిన్న ముందుమాట వ్రాసి, మరుసటి సంవత్సరము గతించినాడు.