ఎలైట్ అంటే పెద్దోళ్లకేనా? ఫోన్‌ల మెసేజ్ చూసి వెనక్కి తగ్గకండి

ఈసారి ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం. ఎలైట్.

ఎందుకంటే మా బోథ్‌ల మా చిన్నాయిన కొడుకు ఈ మాట జూసే సెలెక్షన్‌కు పోలే. ఆదిలాబాద్‌ల ఉండి రెండేండ్ల సంది బాక్సింగ్ నేర్చుకుంటుండు. ఫోన్‌ల మెసేజ్ వచ్చింది, 'ఎలైట్ మెన్ సెలెక్షన్స్' అని. "అన్నా, అది నేషనల్ ఆడినోళ్లకు, మనకు కాదు" అన్నడు. తారీఖు దాటిపోయినంక తెలిసింది, వాడు ఎలైటే అని!

బాక్సింగ్‌ల ఎలైట్ అంటే బిరుదు కాదు, వయసు. 15, 16 ఏండ్లోళ్లు జూనియర్. 17, 18 యూత్. 19 నుంచి 40 దాకా ఎలైట్. పుట్టిన సంవత్సరం చూసి లెక్కేస్తరు. ఇంతకుముందు దీన్నే సీనియర్ అనేటోళ్లు. సీనియర్ అంటే మనోడు పోయేటోడే, కబడ్డీల రోజూ వినే మాటే గదా. పేరు మారింది, భయం పుట్టింది.

అయితే మాటకు అసలు అర్థం కూడ ఉంది. విత్తనానికి మంచి కంకులు ఏరి పక్కకు పెడతరు చూడు, అట్ల ఏరినోళ్లు అని. అందుకే మనకు గొప్పోళ్ల మాట లెక్క వినిపిస్తది.

మరి ఆ గ్రూపుల పోటీ తేలికనా? అస్సలు కాదు. నిఖత్ జరీన్‌ను చూడండి. మనకు దూరం కాదు, నిర్మల్ దాటి గోదావరి దాటితే నిజామాబాద్ జిల్లానే. 2011ల తుర్కియేలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె పుట్టింది 1996ల, అంటే 2015 నుంచి ఎలైట్ వయసు. కానీ ఎలైట్ ప్రపంచ స్వర్ణం వచ్చింది 2022 మే 19న, అదే తుర్కియేలోని ఇస్తాంబుల్‌ల. నడుమ 2017ల భుజానికి దెబ్బ. 2019 డిసెంబర్‌ల ఒలింపిక్ క్వాలిఫయర్ ట్రయల్‌ల ఎదురుగ నిలబడ్డది ఎవరు? మేరీ కోమ్! 1982ల పుట్టినామె. 14 ఏండ్ల తేడా, అయినా ఒక్కటే గ్రూపు. నిఖత్ 9-1తో ఓడిపోయింది. జూనియర్‌ల నీ ఈడోళ్లే ఉంటరు, ఇక్కడ ఇరవై ఏండ్ల అనుభవం ఉన్నోళ్లు కూడ ఎదురైతరు. అదీ ఎలైట్ అంటే. 2023ల ఢిల్లీల మళ్లీ ప్రపంచ ఛాంపియన్ అయింది, 2024 పారిస్ ఒలింపిక్స్‌ల మాత్రం చైనా బాక్సర్ వూ యూ చేతిల పతకం రాకముందే ఓడింది. ఇక మేరీ కోమ్‌కు 40 దాటినంక ఆ తలుపే మూసుకుంది.

క్రికెట్‌కు వస్తే అర్థమే వేరు. రంజీ ట్రోఫీల 38 టీంలు ఉంటే 32 ఎలైట్‌ల, 6 ప్లేట్‌ల. ఇది వయసు గాదు, డివిజన్. మన హైదరాబాద్ 2022-23ల చిత్తుగా ఆడి ప్లేట్‌కు జారింది. ఆ ప్లేట్‌లనే 2024 జనవరిల తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 366 కొట్టిండు, 147 బంతులల్ల ట్రిపుల్ సెంచరీ. ఎదురుగ బలహీనమైన టీమే, నేనూ ఒప్పుకుంట. కానీ ప్లేట్ మ్యాచ్ కూడ ఫస్ట్ క్లాస్ మ్యాచే, రికార్డు రికార్డే. అదే సీజన్‌ల ప్లేట్ గెలిచి హైదరాబాద్ మళ్లీ ఎలైట్‌కు వచ్చింది.

అందుకే మెసేజ్‌ల ఎలైట్ అని కనబడంగనే ఫోన్ పక్కన పెట్టకండి. కింద పుట్టిన సంవత్సరం రాస్తరు, బరువు రాస్తరు. అవి చదవండి. అర్థం కాకుంటే కోచ్‌ను అడగండి, సిగ్గు ఏం లేదు. మా తమ్మునికి నేను గదే చెప్పిన. "మరి మేరీ కోమ్ లాంటోళ్లు ఎదురొస్తే?" అన్నడు. వస్తే కొట్లాడుడే గదరా అన్న. ఇప్పుడు పొద్దుగాల ఐదింటికి లేస్తుండు.

మీ దగ్గర ఇసొంటి మాటలు ఏమన్న ఉంటే కామెంట్ల రాయండి. ఉంట మరి.