మన పెట్టెలలోని చరిత్ర

(మోస్రాలో జరిగిన స్థానిక చరిత్ర - సాహిత్య సభలో మన సంఘ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



మన జిల్లాలో సాహిత్య సభ అనగానే దాశరథి గారిని తలచుకోక తప్పదు. నిజాం ప్రభుత్వం ఆయనను ఇందూరు ఖిల్లా జైలులో పెడితే బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశారు. అక్కడ తోడున్నవారు వట్టికోట ఆళ్వారుస్వామి గారు. 1949లో వెలువడిన 'అగ్నిధార'ను దాశరథి గారు ఆయనకే అంకితమిచ్చారు. అంతకు ముందు 1937లో ఆరవ ఆంధ్ర మహాసభ మందుముల నరసింగరావు గారి అధ్యక్షతన నిజామాబాదులోనే జరిగింది. ఇవన్నీ పుస్తకాలకెక్కినవి. ఈరోజు నేను చెప్పకున్నా ఎక్కడికీ పోవు.

పోయేవి వేరే ఉన్నవి. వాటిలో కొన్నింటిని పోగొట్టినవాణ్ణి నేనే.

1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీళ్ళతో ఈ ప్రాంతంలో వరి, చెరకు పెరిగాయి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. మా బాపు ఎడ్లబండి మీద చెరకు తోలిన రైతు. కాంటా చిట్టీలు, శిస్తు రశీదులు, ఉత్తరాలు అన్నీ ఒక ట్రంకు పెట్టెలో దాచేవారు. చాలావరకు ఉర్దూలో ఉండేవి. ఆయనది ఉర్దూ చదువు, నాది తెలుగు మీడియం. ఆయన పోయిన తరువాత ఇల్లు బాగు చేయిస్తూ, చదవరాని కాగితాలెందుకని పాత పేపర్లవానికి కిలోల లెక్కన వేశాను. ఎంత వచ్చిందో కూడా గుర్తు లేదు.

మొన్న పాత పంచాంగంలో ఒక చిట్టీ దొరికింది. నేను పుట్టకముందుది. బోధన్‌లో ఒక రిటైర్డ్ ఉర్దూ పంతులు గారికి చూపిస్తే కండ్లద్దాలు సవరించుకుని చదివి, బండి తూకం, తారీఖు చెప్పారు. తరువాత వెనక్కు తిప్పి "ఇది మీరే చదువుకోండి" అన్నారు. వెనుక పెన్సిలుతో, వచ్చీరాని తెలుగులో మా బాపు రాత. చెరకు కొట్టినవారి పేర్లు, ఒక్కొక్కరికి ముందుగా ఇచ్చిన పైకం. మొత్తం పదకొండు పేర్లు. ఏ పుస్తకంలోనూ లేని పేర్లు. వారిలో ఇద్దరి మనుమలు ఈ సభలోనే కూర్చున్నారు.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తరువాత పుట్టిన పిల్లలకు క్రషింగ్ రోజుల్లో ఊరిదాకా వచ్చే ఆ తీపి వాసన తెలియదు. వారికి చూపించడానికి మన దగ్గర ఏమున్నది?

వచ్చే ఏడు సభకు పెద్ద వక్తను పిలవాలని కార్యవర్గం అనుకుంటున్నది. పిలవండి, నాకు అభ్యంతరం లేదు. కాని శాలువాల ఖర్చు కొంత తగ్గించి ఆ డబ్బుతో మన ఇండ్లలోని కాగితాలకు జిరాక్సులు తీయిద్దాం. అసలు ఎవరిది వారికే ఇచ్చేద్దాం, నకలు గ్రంథాలయంలో పెడదాం. అటుకుల మీద, బీరువాల అడుగున వెతకండి. కోడండ్లు సర్దేలోపే వెతకండి. వారిని అని ఏం లాభం, నేను కొడుకునై ఉండి పారవేశాను.

మనలో ఉర్దూ చదవగలిగినవారు ఎందరు మిగిలారో నాకు తెలియాలి. దయచేసి భోజనాలకు లేవకముందే మీ పేర్లు నా దగ్గర రాయించండి.