నిండు చెరువూ, ఎండిన తూమూ
(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగం)

లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన నన్ను బ్యాంకుల గురించి మాట్లాడమన్నారు. ముందు వరసలో మా లెక్కల మాస్టారు అప్పుడే నవ్వుతున్నారు. నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్, ఉద్యోగం మాత్రం బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో.

మా నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో చాలా భాగం ఒక సహకార బ్యాంకులో వేశారు. ఊరి పెద్దమనుషులే డైరెక్టర్లు, పైగా వడ్డీ కాస్త ఎక్కువ. ఒకరోజు పొద్దున వెళ్తే షట్టర్ సగం దించి ఉంది, బయట జనం. అప్పులన్నీ డైరెక్టర్ల సొంతవాళ్ళకే పోయాయని తర్వాత తెలిసింది. ఆ వేసవిలోనే అక్కయ్య పెళ్ళి. నాన్నగారు ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఆ పాస్‌బుక్కు మాత్రం పోయేవరకూ బీరువాలోనే దాచుకున్నారు. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష రూపాయలే. 2020 ఫిబ్రవరి నుంచి అయిదు లక్షలు.

బ్యాంకు మునగడానికి మొండిబాకీలే ఉండక్కర్లేదు. చెరువు నిండా నీళ్ళున్నా, తూము మట్టానికి కిందున్న నీళ్ళు పొలానికి పారవు కదా. ఆస్తులుండీ అడిగిన రోజున చేతికి డబ్బు అందకపోవడమే లిక్విడిటీ రిస్క్. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఎగవేత భయం లేని దీర్ఘకాలిక బాండ్లే కొంది. వడ్డీరేట్లు పెరిగాయి, పాత బాండ్ల ధర పడిపోయింది. 2023 మార్చి 8న, బాండ్లు అమ్మి 180 కోట్ల డాలర్లు నష్టపోయామని చెప్పింది. మర్నాడు ఒక్కరోజులో ఖాతాదారులు లాగేసింది 4,200 కోట్ల డాలర్లు! షట్టర్ దగ్గర తోపులాట లేదు, అంతా ఫోన్ల మీదే. 10న బ్యాంకు మూతపడింది.

ఆ బ్యాంకులో రిస్కులు చూసే ముఖ్య అధికారి కుర్చీ 2022లో నెలల తరబడి ఖాళీ. అంతకన్నా నన్ను మండించింది ఇంకొకటి. లెక్కల్లో ప్రమాదం కనిపిస్తుంటే దాన్ని సరిచేయకుండా, లెక్కకట్టే ఊహలనే మార్చి ప్రమాదం తగ్గినట్టు చూపించుకున్నారు. కట్ట బీటలిస్తే నీటిమట్టం కొలిచే స్కేలు మార్చినట్టు! ఏ ఇంజనీరైనా అలా చేస్తే ఉద్యోగం ఊడుతుంది. ఫెడరల్ రిజర్వ్ తన నివేదికలో ఆ బోర్డుతోపాటు తన పర్యవేక్షకులనూ తప్పుబట్టింది.

మన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, 30 రోజుల గడ్డుకాలంలో బయటికి పోయే నికర మొత్తానికి సరిపడా, వెంటనే నగదుగా మారే ఆస్తులు వాణిజ్య బ్యాంకుల దగ్గర ఉండాలి. 2015లో 60 శాతంతో మొదలై 2019 జనవరికి 100 శాతమైంది. నాన్నగారు నమ్మినలాంటి పట్టణ సహకార బ్యాంకులకు ఈ నియమం లేదు.

ఇక మన సంగతి. మన ఉపకారవేతనాల నిధి అంతా ఒకే బ్యాంకులో, ఒకే మూడేళ్ళ డిపాజిట్‌గా ఉంది. ఎందుకంటే అక్కడి డైరెక్టరు మనవాడు. సంఘానికైనా బీమా ఆ అయిదు లక్షలే. ఫీజులు కట్టాల్సింది జూన్‌లో. విడగొడదామంటే "మనవాడి మీద నమ్మకం లేదా?" అన్నారు. వాడు నా బెంచీమేటే, మంచివాడే. నాన్నగారి బ్యాంకు డైరెక్టర్లను కూడా అందరూ అలాగే అనేవారు. డిపాజిట్ గడువు వచ్చే నెలలో తీరుతుంది. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఈ మాట మళ్ళీ ఎత్తుతాను. మాస్టారూ, మీరు కూడా ఉండాలి.