కష్టం వేరు, నలిగిపోవడం వేరు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి పెద్దలు ఇప్పటికే చెప్పారు. ఆ కిస్తీ డబ్బు సంపాదించే చోటు గురించి మేము నాలుగు మాటలు చెబుతాం.

మా సంఘంలో పదకొండు మందిమి. అందులో ఐదుగురు రొయ్యల ప్లాంటు పనికి వెళ్తారు. తెల్లవారుజామున వ్యాను ఎక్కితే చీకటి పడ్డాకే ఇంటికి. ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీయాలి, పొట్టు వలవాలి. కాళ్ల కింద తడి, ముక్కులో క్లోరిన్ వాసన. ఇది కష్టమే. కానీ కష్టం మనకి కొత్త కాదు. నాట్లు వేశాం, కోతలు కోశాం, బుట్టలు మోశాం. కష్టమైన పని అన్నంత మాత్రాన అది చెడ్డ చోటు కాదు. మరి చెడ్డ చోటు అని ఎలా తెలుస్తుంది? ఒక నెల మీటింగులో పొదుపు కట్టడం అయ్యాక ఇదే మాట మాట్లాడుకున్నాం. అందరూ చెప్పినవి కలిపితే ఐదు గుర్తులు తేలాయి.

ఒకటి, లెక్క చెప్పని చోటు. కిలో లెక్కన కూలి అంటారు, కాటా మాత్రం మనకి కనపడనివ్వరు. పీఎఫ్ కోశామంటారు, నంబరు ఇవ్వరు. ఓవర్‌టైముకి రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టం ఉంటే, మామూలు కూలి కూడా నాన్చి నాన్చి ఇస్తారు.

రెండు, ఒంటి అవసరాలకి కూడా బతిమాలాల్సిన చోటు. బాత్రూముకి వెళ్లాలంటే సూపర్‌వైజర్ మొహం చూడాలి. అందుకని మంచినీళ్లు తాగడమే మానేసి, మూత్రంలో మంట తెచ్చుకున్న వాళ్లు మనలోనే ఉన్నారు. ఫ్యాక్టరీలో ఆడవాళ్లకి వేరే మరుగుదొడ్డి ఉండాలన్నది చట్టం. అది వాళ్లు చేసే దయ కాదు.

మూడు, మాట. పని తప్పయితే చెప్పడం వేరు, పుట్టుక ఎత్తి, కులం ఎత్తి తిట్టడం వేరు. "నువ్వు కాకపోతే గేటు బయట పదిమంది ఉన్నారు" అని రోజూ వింటూ ఉంటే, కొన్నాళ్లకి నిజంగానే మనకి విలువ లేదనిపిస్తుంది.

నాలుగు, కదలనివ్వని చోటు. పండక్కి అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా ఇంకెక్కడికీ వెళ్లకూడదంటాడు మేస్త్రి. ఆధార్ కార్డో ఏటీఎం కార్డో తన దగ్గరే ఉంచుకుంటాడు. అప్పు పేరు చెప్పి మనిషిని పనికి కట్టేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం.

ఐదు, చెయ్యి వేసే చోటు. భుజం తట్టడంతో మొదలవుతుంది. దీని గురించి వచ్చిన చట్టం మనలాంటి ఒక ఆడమనిషి వల్లే వచ్చింది. రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే గ్రామ కార్యకర్త బాల్యవివాహాన్ని ఆపబోతే, ఆ కక్షతో 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. ఆ ఘటన తర్వాత మహిళా సంఘాలు కోర్టుకి వెళితే 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. 2013లో చట్టం అయింది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట కమిటీ ఉండాలి, దానికి పెద్ద ఆడమనిషే అయి ఉండాలి. జరిగిన మూడు నెలల లోపు కాగితం మీద ఫిర్యాదు ఇవ్వాలి. రాయడం రాకపోతే రాయడానికి వాళ్లే సాయం చేయాలి. పదిమంది కన్నా తక్కువున్నా, యజమాని మీదే ఫిర్యాదు అయినా జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. రోజు కూలికైనా, కాంట్రాక్టు మనిషికైనా, ఇళ్లలో పనిచేసే ఆవిడకైనా ఈ చట్టం వర్తిస్తుంది. 181కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఈ గుర్తులు బయటివి. లోపలిది ఒకటుంది. మా సంఘంలో ఒక అక్క అంది: "పొద్దున వ్యాను హారన్ వినపడగానే గుండె దడదడలాడుతుంది. ఇంటికొచ్చాక పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను." ఒళ్లు అలిసిపోతే నిద్ర పడుతుంది. మనసు నలిగితే నిద్ర కూడా పట్టదు. ఆ తేడా గమనించుకోండి.

మరి మానేయొచ్చు కదా అని అడిగాం. ఆ అక్క చెప్పిన జవాబు విని అందరం ఒక్క నిమిషం మాట్లాడలేదు. "మానేస్తే సంఘం కిస్తీ ఎవరు కడతారు?" అంది.

అక్కలారా, సంఘం పెట్టుకున్నదే వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా ఉండడానికి. ఆ సంఘం కిస్తీయే మనిషిని చెడ్డ చోట కట్టేసే తాడు కాకూడదు. అలాగని బ్యాంకు కిస్తీ ఆపితే పదకొండు మందికీ నష్టం. అందుకే పుస్తకం తెరిచి లెక్క వేశాం.

రోజుకి 400 చొప్పున నెలకి 22 రోజులు, 8,800 రూపాయలు. అందులో వ్యానుకి రోజుకి 40 చొప్పున 880, చేతి పుళ్లకీ నడుం నొప్పికీ మందులు 600. నిజంగా ఇంటికి చేరేది 7,320. ఆ అక్కకి కుట్టుపని కొంచెం వచ్చు. మొదట్లో నెలకి 3,320 అయినా వస్తాయని లెక్కేసుకుంది. అంటే లోటు నెలకి 4,000. మూడు నెలలకి 12,000. కొండలా కనపడిన భయం లెక్క వేశాక 12,000 అయింది. మా పొదుపులోంచి అంతర్గత అప్పుగా అంత ఇచ్చాం, బ్యాంకు కిస్తీ తప్పలేదు. మినిట్స్ బుక్కులో రాసి అందరం సంతకాలు పెట్టాం.

అందరికీ ఇదే దారి అని చెప్పడం లేదు. ఊళ్లో అందరం మిషన్లు కొంటే కుట్టించుకునేది ఎవరు? ఇంకో చెల్లెలు అదే పని, వేరే ప్లాంటుకి మారింది. అక్కడ కాటా ఎదురుగా పెడతారు, జీతం బ్యాంకులో పడుతుంది. మిగిలిన ముగ్గురూ మానలేదు. కలిసి వెళ్లి మేనేజరుని అడిగారు. గ్లవ్సులు వచ్చాయి, బాత్రూము గొడవ తగ్గింది, కూలి రేటు మాత్రం పెరగలేదు. ఒక్కరు అడిగితే ఎదురు చెప్పడం అంటారు, ముగ్గురు అడిగితే వింటారు.

మారాలనుకునే వాళ్లకి మా మాట: ఒంటికి, మానానికి ప్రమాదం ఉంటే ఆ రోజే బయటికి రండి, తక్కిన లెక్కలు సంఘం చూసుకుంటుంది. అది కాకపోతే కోపంలో మానకండి. రావాల్సిన కూలి, పనిచేసిన రోజులు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పీఎఫ్‌కి నూటికి 12 రూపాయలు మన జీతంలోంచి పోతాయి, యజమానీ అంతే వేయాలి. యూఏఎన్ నంబరు అడిగి తీసుకోండి. కొత్త చోట ఆ నంబరే ఇవ్వండి. పదేళ్ల సర్వీసు నిండితే పింఛనుకి అర్హత వస్తుంది, కొత్త నంబరు తీసుకుని పాత సర్వీసు పోగొట్టుకోవద్దు. ఈఎస్ఐకి నూటికి 75 పైసలు మనవి, 3 రూపాయల 25 పైసలు యజమానివి. కార్డు ఉంటే ఆసుపత్రికి చూపించుకోండి. కొత్త పని నేర్చుకోవాలంటే బ్యాంకుల వాళ్లు నడిపే ఆర్‌సెటి కేంద్రాల్లో భోజనం, వసతితో ఉచితంగా నేర్పుతారు. వీవోఏని అడిగితే దరఖాస్తు సంగతి చెబుతుంది.

చివరగా సమాఖ్యకి మా మనవి రెండు. పంచసూత్రాలు చదివాక ప్రతి నెలా ప్రతి సంఘంలో "నీ పని చోట ఎలా ఉంది?" అని ఒక ప్రశ్న అడగాలి. పని మారే సభ్యురాలికి మూడు నెలల లోటు పూడ్చే అప్పు, గ్రామ సమాఖ్య నిధిలోంచి ఇచ్చేలా తీర్మానం చేయాలి. మా ఊళ్లో ఒక్కరికి సరిపోయింది. రేపు నలుగురు అడిగితే మా పొదుపు చాలదు.

కిస్తీ తప్పని సంఘం అని మనకి మంచి పేరుంది. కిస్తీ కోసం మనిషిని తప్పిపోనివ్వని సంఘం అని కూడా పేరు రావాలి. తీర్మానం చేతులెత్తి అడిగినప్పుడు మా మాట గుర్తుంచుకోండి.