కోళ్ల గూడు ముందు అడుగులు
(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



'మన బడి నాకేమిచ్చింది' అన్న అంశం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు పెద్ద పెద్ద విషయాలు చెప్పారు. నేను ముప్పై మూడేళ్లు పశువుల డాక్టరుగా చేసినవాణ్ని. కాబట్టి కోళ్ల గురించి చెబుతాను. నవ్వకండి. మన బడి నాకిచ్చినదేమిటో కోళ్ల గూడు దగ్గరే నాకు అర్థమైంది.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి ఈ సభలో చెప్పనక్కర్లేదు. మన దివిసీమలో గొడ్డూ గోదా, కోడీ మేకా కూడా మిగలని ఊళ్లున్నాయి. మా దొడ్లో ఒక్క కోడీ మిగల్లేదు. ఆ మరుసటి ఏడాది మా అమ్మ పుట్టింటి నుంచి రెండు పెట్టల్ని, ఒక పుంజుని గంపలో పెట్టుకుని తెచ్చింది. 1980 సంక్రాంతి నాటికి అవి పదకొండయ్యాయి. నాటుకోడి పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే గొప్ప. అందులో పొదగేయగా మిగిలినవే అమ్మకానికి. నా నోటు పుస్తకాలు, ఇంట్లో దీపానికి కిరసనాయిలు ఆ డబ్బుతోనే. ఒక పెట్ట పోయిందంటే ఇంట్లో ఒక ఖర్చు ఆగిపోయినట్టే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆ మాఘమాసంలో, ఒక రాత్రి కోళ్లు గోల పెట్టాయి. తెల్లారి చూస్తే ఒక పెట్ట లేదు. ఈకలు దొడ్డి గుమ్మం దాకా రాలి ఉన్నాయి. రెండు రాత్రుల తర్వాత ఇంకొకటి పోయింది. ఆ వారంలోనే పొదుగు మీదున్న పెట్ట పోయింది. పక్కింట్లోనూ రెండు పోయాయి.

మొదట దొంగ అన్నారు. నెల్లూరు వైపు నుంచి బాతుల మందను మేపుకుంటూ వచ్చి, మురుగు కాలువ గట్టున గుడిసె వేసుకున్న కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ల పిల్లాడు నా ఈడువాడే. ఊరు కానివాడు, పేదవాడు, రాత్రిళ్లు గట్టు మీద తిరిగేవాడు. ఇంకేం సాక్ష్యం కావాలి? రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి నిలదీశారు. చెట్టుకు కట్టేస్తే వాడే చెబుతాడన్నారు ఒకరు. "పోయినవి నా కోళ్లు. వాటి పేరు చెప్పి ఆ పిల్లాడి ఉసురు పోసుకోకండి" అని మా అమ్మ అడ్డం పడితే ఆ పూటకు వదిలారు.

ఆ రాత్రే కథ మారింది. మా వీధిలో ఒక తాతయ్య లాంతరు పట్టుకుని దొడ్లోకి వెళ్తే, గూడు పక్క రెండు కళ్లు నిప్పుల్లా మెరిశాయట. ఒంటి మీద మచ్చలు. గుర్రుమని ఒక్క గెంతు గెంతి గట్టు దిగిపోయింది. తెల్లారేసరికి అది చిరుతపులి అయిపోయింది. నల్లమల నుంచి కృష్ణ వరదలో కొట్టుకొచ్చి ఇక్కడ మేటవేసిందని ఒకరు, పక్క ఊళ్లో దూడను ఎత్తుకుపోయిందని ఇంకొకరు. ఏ ఊళ్లో, ఎవరి దూడ అని అడిగినవాళ్లు లేరు. ఆడవాళ్లు కూలికి వెళ్లలేదు. చిన్నపిల్లల్ని బడికి పంపలేదు. మగవాళ్లు బల్లేలు, పలుగులు, కిరసనాయిలు డబ్బాలు పట్టుకుని బయల్దేరారు. కాలువ పక్కనున్న జమ్ము తగలబెడితే అదే బయటికొస్తుందని తీర్మానం. ఆ జమ్ముకు ఇరవై గజాల్లోనే బాతులవాళ్ల గుడిసె ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

అప్పుడు సైకిలు మీద వచ్చారు మన సైన్సు మాస్టారు. పేరు చెప్పను, ఆ బ్యాచులవాళ్లకు చెప్పనక్కర్లేదు. పిల్లలెందుకు రాలేదో కనుక్కుందామని వచ్చారు. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "దాని అడుగులు ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. గూడు చుట్టూ వందమంది తొక్కేశారు. మా ముగ్గురు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని మాస్టారు కాలువ దిగువకు వెళ్లారు. నీళ్లు తీసిన ఒండ్రులో అడుగులు అచ్చు గుద్దినట్టున్నాయి. "ఒరే, ఎవరి దగ్గరైనా అగ్గిపెట్టె ఉంటే తీసుకురండిరా" అన్నారు. అడుగు పక్కన పెడితే దాని పొడుగును మించలేదు. చిరుత అడుగైతే దాదాపు ఒకటిన్నర అగ్గిపెట్టెలు ఉంటుందన్నారు. కానీ వేళ్ల ముందు గోళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుందని పాఠంలో చదివాం. అయితే కుక్కే అన్నాను నేను. "కుక్కదైతే పొడుగ్గా ఉంటుంది. ఇది గుండ్రంగా ఉంది కదరా. తొందరపడకు, ఇంకా చూడు" అన్నారు.

గట్టు మీద దాని పెంట కనిపించింది. పుల్లతో విడదీశారు. చేప ముళ్లు, పీత పెంకులు, ఒక కోడి ఈక. అప్పుడు చెప్పారు: ఇది నీటిపిల్లి. బావురుపిల్లి అంటారు మన పెద్దలు. వేళ్ల మధ్య కొంత చర్మం ఉంటుంది, నీళ్లలో దిగి చేపలు పడుతుంది. దాని గోళ్లు పూర్తిగా లోపలికి పోవు, అందుకే ఒండ్రులో వాటి గుర్తు పడింది. ఒంటి మీద మచ్చలు నిజమే. తాతయ్య చూసిందాంట్లో అబద్ధం లేదు, పెట్టిన పేరే తప్పు. మాఘంలో బోదెలు ఎండి చేప దొరక్క ఊళ్లోకి వచ్చి ఉంటుందన్నారు.

వెనక్కి వచ్చి జనం మధ్య నిలబడి ఇంకో మాట కూడా అన్నారు: "దిగువన మనిషి అడుగు ఒక్కటీ లేదు." ఎవరి వైపూ చూడలేదు. అందరూ ఆ పిల్లాడి వైపు చూశారు. బల్లేలు దిగాయి, జమ్ము తగలబెట్టడం ఆగింది. ఆ సాయంత్రం ఆ పిల్లాడు, వాళ్ల నాన్న ఒక పాత వల తెచ్చి మా గూటికి కట్టారు. రాత్రి బాతుల్ని కాపాడుకోవడం వాళ్లకు తెలిసినంతగా మాకు తెలియదు. మా నాన్న గూటిని నాలుగు గుంజల మీదికి ఎత్తి, పలక తలుపు పెట్టించాడు. ఆ తర్వాత మా కోడి ఒక్కటి కూడా పోలేదు.

ఉద్యోగంలో చేరాక నేను ఎన్ని దొడ్లలో ఎన్ని కోళ్ల గూళ్లు చూశానో లెక్కలేదు. వెళ్లేసరికి నేరస్థుడి పేరు సిద్ధంగా ఉంటుంది. పక్కింటివాడు, చేతబడి, లేదంటే పులి. గూడు మాత్రం వేరే సంగతి చెబుతుంది. నాలుగైదు కోళ్లు చచ్చి, తినకుండా పడి ఉంటే ఎక్కువగా కుక్క పని. పట్టపగలు మెడ దగ్గర కొరికి ఉంటే ముంగిసను అనుమానించాలి. రక్తం చుక్క లేకుండా గుడ్లు మాయమైతే జెర్రిపోతు కావచ్చు. పగటిపూట పిల్లలు ఒక్కొక్కటే తగ్గుతుంటే తలెత్తి గద్ద కోసం చూడాలి. ఒక గుర్తుతో తేల్చెయ్యకూడదు, రెండో గుర్తు కోసం వెతకాలి. ఇది నాకు పశువైద్య కళాశాలలో మొదలైన చదువు కాదు. మురుగు కాలువ ఒండ్రులో, అగ్గిపెట్టెతో మొదలైంది.

ఇప్పుడు కృష్ణా ముఖద్వారం మడ అడవుల్లోనూ, కాకినాడ దగ్గర కోరింగలోనూ నీటిపిల్లులు ఉన్నాయని అందరికీ తెలుసు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూలులోనే దీనికీ చోటుంది. ఉచ్చు, విషం, కరెంటు తీగ పెట్టడం నేరం. ఊళ్లోకి వస్తే అటవీ శాఖకు కబురు చెయ్యాలి. కోళ్లవాళ్లు చెయ్యాల్సింది కూడా కష్టమైనదేం కాదు. పొద్దుగూకక ముందే గూట్లో కమ్మాలి, గూడు నేలకు ఎత్తుగా ఉండాలి, సందుల్లేని తలుపు, గట్టి గడియ ఉండాలి.

ఆ రోజుల్లో పుకారు ఊరు దాటడానికి ఒక పూట పట్టేది. ఇప్పుడు ఎక్కడిదో చిరుత ఫొటో మన ఊరి పేరుతో నిమిషంలో అందరి ఫోన్లలోకి వస్తుంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న మాటా అలాగే వస్తుంది. 2018లో అలాంటి పుకార్లకు మన దేశంలో అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఊరు కానివాడు, పేదవాడు ఎప్పుడూ ముందు దొరుకుతాడు. అందుకే "అడుగులు ఎవరైనా చూశారా?" అని అడిగేవాడు ప్రతి ఊళ్లో ఒకడైనా ఉండాలి. ఆ ఒకణ్ని తయారుచేసే చోటు బడి.

స్వర్ణోత్సవ నిధిలో నా వంతుగా ఒక చిన్న కోరిక. మన సైన్సు గదిలో ఒక ఇసుక పళ్లెం, ఒక అద్దం, మన దివిసీమ జంతువుల పాదముద్రల అచ్చులు పెట్టిద్దాం. అచ్చులు పోయించే ఖర్చు నాది. పిల్లలకు వారానికి ఒక గంట చూపించే ఓపిక ఇప్పటి మాస్టార్లది.