జాబితాకెక్కని ఆకలి
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ వేదికపై పద్యపఠనము, సంగీతము, అప్పుడప్పుడొక సాహిత్య ప్రసంగము జరుగుట వాడుక. ఈ పర్యాయము కార్యదర్శిగారు నన్ను, తెలిసిన విషయమేదైనను మాట్లాడుమని కోరిరి. ఫైళ్లలో కాలము గడుపువానికి తెలిసిన విషయము సభారంజకముగా నుండుట అరుదు. పైగా నా ప్రసంగమును సరిగా విందుభోజనమునకు ముందు ఉంచినారు. విషయమా, ఆకలి. పెద్దలు మన్నింపవలెను.

నేను ముచ్చటింపబోవునది బీహారు పల్లెలను గూర్చి. ఢిల్లీలోని తెలుగువారికి బీహారుతో నేమి ప్రమేయమని మీరు అడుగవచ్చును. మన క్వార్టర్లకు సున్నము వేయువారు, వీధిలో కూరగాయల బండి తోయువారు, రిక్షా తొక్కువారు పెక్కుమంది ఆ రాష్ట్రమువారే. వారి ఆలుబిడ్డలు ఊరిలో ఏమి తినుచున్నారో విచారించుట ఇరుగుపొరుగువారి క్షేమము విచారించుట వంటిది. 2011 జనగణన ప్రకారము అక్కడ నూటికి 89 మంది పల్లెవాసులు. గంగకు ఉత్తరమున వరదలు, దక్షిణమున అనావృష్టి. ఒకే సంవత్సరములో రెండును వచ్చుట కలదు.

ఆ రాష్ట్రమునకు ఆకలి క్రొత్త కాదు. 1966లో వానలు లేక పైరులు ఎండిపోగా, 1967 ఏప్రిల్‌లో ప్రభుత్వమే క్షామమును ప్రకటించెను. జయప్రకాశ్ నారాయణ్ గారి నాయకత్వమున సహాయ సంఘము పనిచేసెను. అమెరికా గోధుమలు ఓడలలో దిగెను. ఉచిత వంటశాలలు వెలసెను. లక్షలాది పిల్లలకు ఆహారము పెట్టిరి. ఆనాటి ఆకలికి ఒక పేరుండెను, ఒక తేదీ యుండెను. అందుచేత దానిపై ఉత్తర్వులును వెలువడెను. నేటి ఆకలికి ఆ సౌకర్యము లేదు. అది పత్రికల మొదటి పుటకు ఎక్కదు. బిడ్డ ఎత్తు కొలిచినప్పుడు మాత్రము బయటపడును.

2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, బీహారున ఐదేండ్లలోపు పిల్లలు నూటికి 43 మంది వయసుకు తగిన ఎత్తు లేనివారని తేలెను. అంతకు ముందటి సర్వేలో ఆ సంఖ్య 48. కొంత మేలు జరిగినదనుట న్యాయము. కాని ఎత్తుకు తగిన బరువు లేనివారు 21 నుండి 23కు పెరిగిరి. రక్తహీనత గల పిల్లలు నూటికి 69 మంది. మనము గర్వించుటకును తావు లేదు. ఎత్తు తగ్గిన పిల్లలు ఆ సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31, తెలంగాణలో 33.

ఈ అంకెల వెనుకనున్న సంసారమును ఒకసారి తలచుకొనుడు. భాద్రపద మాసము. వరి యింకను పొలములోనే యున్నది. కోతలు మార్గశిరమునకు గాని రావు. నాట్లు ముగిసినవి గనుక కూలి లేదు. మగవాడు పంజాబుకో ఢిల్లీకో వెళ్లినాడు. అతడు పంపు సొమ్ము వచ్చువరకు అంగడిలో అప్పు. ఇంట వండునది మాడ్-భాత్, అనగా గంజి వార్చక కలుపుకొను అన్నము, దానిలో ఉప్పు, ఒక మిరపకాయ. పప్పు వారమునకొకసారి. మొదట పెద్దలకు, పిదప మగపిల్లలకు, ఆపైన ఆడపిల్లలకు వడ్డించి, కుండలో మిగిలినది తల్లి తినును. ఆమె కడుపుతో నున్నను ఈ వరుస మారదు. కడుపులోని బిడ్డ ఎత్తు అక్కడనే, ఆ కుండ అడుగున, నిర్ణయమగుచున్నది. వైద్యులు మొదటి రెండేండ్లు దాటినచో పోయిన ఎదుగుదల తిరిగి వచ్చుట కష్టమందురు.

దీనికి ప్రభుత్వము ఏమియు చేయలేదా? చేసినది. 1983లో నందమూరి తారక రామారావు గారు కిలో బియ్యము రెండు రూపాయల కిచ్చినప్పుడు, ఖజానా ఏమగునని ప్రశ్నించినవారు మన కార్యాలయములలోనే ఉండిరి. ముప్పది ఏండ్లకు, 2013లో, జాతీయ ఆహార భద్రతా చట్టము దేశమంతటను బియ్యము మూడు రూపాయలకు, గోధుమ రెండు రూపాయలకు నిర్ణయించెను. 2023 జనవరి నుండి ఆ మూల్యమును లేదు. మనిషికి నెలకు 5 కిలోలు. లెక్కవేసినచో దినమునకు 166 గ్రాములు. ఒక పూట గడచును, రెండవ పూటకు చాలదు. అయినను ఆ ఒక పూట గడచుట సామాన్యము కాదు. రేషను దుకాణములలో దొంగతనము ప్రబలియున్న బీహారులో ఈ చట్టము తరువాత చాలవరకు ధాన్యము ఇండ్లకు చేరుచున్నదని పరిశీలకులు చెప్పిరి. చట్టమును నేను తక్కువ చేయను.

చిక్కు ఎక్కడనగా, జాబితాలో. గుమాస్తా పని చేసినవారికి ఇది చప్పున బోధపడును. చట్టములోని 9వ సెక్షను ప్రకారము, ఏ రాష్ట్రములో ఎంతమందికి ధాన్యమీయవలెనో ప్రకటితమైన జనగణన సంఖ్యలనుబట్టి నిర్ణయింపవలెను. 2011లో బీహారు జనాభా 10.41 కోట్లు, ఆ లెక్కన 8.71 కోట్లమందికి హక్కు ఏర్పడెను. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. బీహారు ప్రభుత్వము 2023లో వెల్లడించిన కులసర్వేలో జనసంఖ్య 13.07 కోట్లుగా కనబడెను. అదే నిష్పత్తిని దీనికి వర్తింపజేసినచో, జాబితాకు వెలుపల రెండు కోట్లకు పైగా తేలుదురు. రాష్ట్రము వెలుపల నివసించు 50 లక్షల పైచిలుకు జనమును తీసివేసినను, కోటిన్నరకు తగ్గదు. అదే సర్వేలో నెలకు ఆరువేల రూపాయలకు మించని రాబడి గల కుటుంబములు నూటికి 34 అని తేలెను.

ఆ వెలుపలివారు ఎవరు? పరిమితి నిండిన రాష్ట్రములో ఒక పేరు తీసివేసిన గాని మరియొక పేరు చేరదు. కనుక వెలుపల నుండువారు తరచు క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు, ఆమెకు పుట్టిన శిశువు. ఇరువది ఐదు కిలోలు ఐదుగురికి వచ్చుచుండగా ఏడుగురు తినుచున్నారు. కుండ అడుగున మిగులునది ఇంకను తగ్గును. ఎవరికొరకు చట్టము ముఖ్యముగా ఉద్దేశింపబడెనో వారే లెక్కకు రాకపోవుట నాకు అన్నిటికంటె విచిత్రముగా తోచుచున్నది. 2023లో సుప్రీంకోర్టు, ఇ-శ్రమ్ పోర్టలులో నమోదై కార్డు లేని కార్మికులకు కార్డులీయవలసినదిగా ఆదేశించెను. కోటా పెరుగనిచో ఆ కార్డులకు ధాన్యమెక్కడిదను ప్రశ్న రాష్ట్రములకు మిగిలెను.

బడి భోజనమును గూర్చి రెండు మాటలు. వండిన ఆహారము పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఉత్తరువిచ్చెను. బీహారు ఆలస్యముగానైనను అమలుపరచెను. 2013 జూలైలో సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామమున పురుగుమందు కలిసిన భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. ఆ బడికి సొంత భవనము లేదు. వంటగది, నిలువగది, తనిఖీ అను మూడు సామాన్య విషయములు ఎంత ప్రాణప్రదములో ఆ దినమున లోకమునకు తెలిసెను.

గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు అర్ధరాత్రి వచ్చిన అతిథికిని అన్నము పెట్టిరని మనమందరము వినినదే. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిభోజన పథకమునకు ఆమె పేరు పెట్టెను. సంతోషము. అయితే ఆమె వాకిట నిలిచినవానిని నీ పేరు పట్టికలో నున్నదా యని అడిగినవారు లేరు. ప్రభుత్వము అడుగక తప్పదు. కోట్లమందికి పెట్టునప్పుడు పట్టిక లేకుండ పని జరుగదు. కాబట్టి పట్టికను సరిగా నుంచుట వంటవాని పని వంటిదే యగును, గుమాస్తా పని యని తోసివేయరాదు.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా నిర్ణయించుచు 2025 జూన్‌లో ప్రకటన వెలువడెను. లెక్కింపు ముగిసి, సంఖ్యలు ప్రకటితమై, రాష్ట్రముల కోటాలు మారి, జిల్లాలకు ఉత్తర్వులు చేరి, కార్డులలో పేర్లు ఎక్కవలెను. ఒక్కొక్క మెట్టున ఎన్ని నెలలు పట్టునో ఈ సభలోని వారికి నేను చెప్పనక్కరలేదు. 2012లో పుట్టిన బిడ్డకు ఆనాటికి పదునైదేండ్లు దాటును.