ఒక్కసారే, కొద్ది మొత్తమే: పోకర్ పోటీకి తొలి పిలుపు

మొదటి ప్రసంగం

మనకు ఉపాధినిచ్చి, ఆ ఉపాధికి హద్దులను కూడా తెలియజేసిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! అన్నిటికంటే ముందు మాకూ మీకూ దైవభీతిని ఉపదేశించుకొంటున్నాం. దైవభీతి అంటే పెద్ద పాపాలను చూసి భయపడటం మాత్రమే కాదు. పాపం చిన్న వేషంలో గుమ్మం ముందు నిలబడి పిలిచినప్పుడు దానిని గుర్తుపట్టడం కూడా దైవభీతియే.

నేడు అటువంటి ఒక పిలుపును గురించి మాట్లాడుకొందాం. హైదరాబాదు నుండి, విజయవాడ నుండి మన యువకులు మిత్రులతో కలిసి సెలవు రోజుల్లో గోవా వెళ్తున్నారు. పణజీ నగరం పక్కన మాండవీ నదిలో లంగరు వేసిన కేసినో ఓడలున్నాయి. వాటిలో పోకర్ అనే పేకాట పోటీలు జరుగుతాయి. అమెరికాలో ఉద్యోగాలు చేసుకొంటున్న మన పిల్లలకైతే ఇంత దూరం పోవలసిన పని కూడా లేదు. వెంట ఉన్న మిత్రుడు ఇలా అంటాడు: "ఇది జూదం కాదు, పోటీ. ప్రవేశ రుసుము కొద్దిపాటిదే. పోతే అంతే పోతుంది, అంతకు మించి పైసా పోదు. ఒక్కసారి కూర్చుని చూడు." తాగుడు అలవాటు లేనివాడు, అయిదు పూటలా నమాజు చేసేవాడు కూడా ఈ మాటకు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తున్నాడు. ఆ ఒక్క క్షణం కోసమే ఈ ప్రసంగం.

దేనినైనా నిషిద్ధమని చెప్పే ముందు అది ఏమిటో న్యాయంగా తెలుసుకోవాలి. పోకర్‌లో ఎక్కువగా ఆడే పద్ధతిలో ప్రతి ఆటగానికి రెండేసి ముక్కలు రహస్యంగా పంచుతారు. అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు బల్లపై పరుస్తారు. చేతిలో ఉన్నదాన్ని బట్టి, ఎదుటివాని ముఖం చూసి పందెం పెంచుతారు, లేదా తప్పుకొంటారు. పోటీలో డబ్బు నేరుగా బల్లపైకి రాదు. రుసుము కట్టినవారందరికీ సమానంగా బిళ్ళలు ఇస్తారు. బిళ్ళలన్నీ పోయినవాడు లేచిపోతాడు. నిర్ణీత సమయానికొకసారి తప్పనిసరి పందేలు పెరుగుతూ ఉంటాయి. చివరిదాకా మిగిలిన కొద్దిమంది బహుమతి పంచుకొంటారు.

ఆ బహుమతి ఎక్కడ నుండి వచ్చింది? ఒక లెక్క వేసుకొందాం. వందమంది తలా 5,000 రూపాయలు కట్టారనుకోండి. అందులో తలకు 500 నిర్వాహకులు తమ కోసం తీసుకొన్నారు. మిగిలిన 4,50,000 రూపాయలను పన్నెండు మందికి బహుమతిగా పెట్టారు. మొదటివానికి అందులో నాలుగో వంతు వచ్చిందనుకొంటే అది 1,12,500 రూపాయలు. అంటే సరిగ్గా ఇరవై అయిదుగురి సొమ్ము. ఎనభై ఎనిమిది మంది ఒట్టి చేతులతో ఇంటిదారి పట్టారు. అక్కడ ఒక గింజ పండలేదు, ఒక వస్తువు తయారు కాలేదు, ఒకరికొకరు సేవ చేసింది లేదు. వందమంది కలిసి అయిదు లక్షలు తెచ్చి నాలుగున్నర లక్షలతో బయటికి వచ్చారు. బహుమతి అనే పేరు చాటున ఉన్నది తోటివాని జేబే.

సోదరులారా! దివ్యఖుర్ఆన్‌లోని మాయిదా సూరా 90వ ఆయతులో అల్లాహ్ జూదాన్ని మద్యంతోనూ, విగ్రహ పీఠాలతోనూ, జోస్యపు బాణాలతోనూ కలిపి ప్రస్తావించి, దానిని షైతాన్ చేష్టగా ప్రకటించి, దూరంగా ఉండమని ఆజ్ఞాపించాడు. అక్కడ వాడిన పదం 'మైసిర్'. తేలికగా, శ్రమ లేకుండా చేజిక్కే సొమ్ము అనే భావం ఆ పదంలోనే ఉంది.

ఆనాటి అరబ్బుల మైసిర్ ఎలా ఉండేదో తెలిస్తే నేటి సాకులు చాలావరకు కరిగిపోతాయి. వారు ఒంటెను కోసి దాని మాంసాన్ని భాగాలు చేసేవారు. పది బాణాలు సంచిలో వేసి తీసేవారు. వాటిలో ఏడింటికి ఒకటి మొదలు ఏడు వరకు వాటాలుండేవి. మూడు వట్టివి. వట్టి బాణం వచ్చినవారు ఒంటె వెల భరించేవారు. గెలిచినవారు ఆ మాంసాన్ని పేదలకు పంచి గర్వపడేవారు. ఆటలో చేరనివానిని పిసినారి అని నిందించేవారు.

గమనించారా? అది కరువు రోజుల్లో పేదవాని ఆకలి తీర్చే జూదం. అందులో ఉపకారం ఉన్నదని బఖరా సూరా 219వ ఆయతులో అల్లాహ్ తానే ఒప్పుకొన్నాడు. ఒప్పుకొని, దాని పాపం దాని ఉపకారం కంటే పెద్దదని తీర్పునిచ్చాడు. పేదల కడుపు నింపిన జూదమే నిషిద్ధమైనప్పుడు, గెలిస్తే కొంత సదఖా ఇస్తామనే మన మాట ఎక్కడ నిలుస్తుంది? అల్లాహ్ పరిశుద్ధుడు. ఆయన పరిశుద్ధమైనదే స్వీకరిస్తాడని మన ప్రవక్త (స) మనకు నేర్పారు.

ఇక మిగిలిన సాకులను ఒక్కొక్కటిగా చూద్దాం.

"ఇది అదృష్టం కాదు, నైపుణ్యం" అంటారు. పోకర్‌లో నైపుణ్యం ఉన్న మాట నిజమే. దానిని కాదనడం సత్యానికి దూరం. కానీ తొలిసారి కూర్చునేవానికి ఆ వాదన అనుకూలమా, ప్రతికూలమా? నైపుణ్యమే గెలిపిస్తే, నైపుణ్యం లేని కొత్తవాడు ఎవరికి ఆహారం? అనుభవం గల ఆటగాళ్ళు కొత్తవానికి పెట్టుకొన్న పేరు 'ఫిష్', అంటే చేప. పైగా ధర్మశాస్త్ర పండితులు జూదాన్ని నిర్వచించినప్పుడు అదృష్టాన్ని మాత్రమే కొలబద్దగా తీసుకోలేదు. ఆడేవారందరూ సొమ్ము ఒడ్డి, ఒకని లాభం మరొకని నష్టం మీద నిలబడే ఒప్పందమే ఖిమార్ అన్నారు. సొమ్ము పెట్టి గుర్రప్పందెం, ఒంటె పందెం, విలువిద్యలో పోటీ పడటానికి హదీసులో అనుమతి ఉన్నది. అవి ఆనాటి రక్షణ విద్యలు. అక్కడ కూడా ఇరుపక్షాలూ సొమ్ము ఒడ్డే విషయంలో పండితులు షరతులు పెట్టారు. పేకాట బల్ల ఆ అనుమతి నీడలోకి రాదు.

"ప్రభుత్వమే అనుమతించింది కదా" అంటారు. చట్టాల తీరు చూడండి. 1968లో సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని వ్యవహారంలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీం కోర్టు చెప్పింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం తన చట్టాన్ని సవరించి, నైపుణ్యం పేరుతో డబ్బు పందెం ఆడే వెసులుబాటును తొలగించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆన్‌లైన్ జూదంపై చట్టం తెచ్చింది. 2025లో కేంద్రం, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టం చేసింది. గోవాలో మాత్రం కేసినోలకు అనుమతి ఉన్నది. ఆ అనుమతి ఉన్న 1976 నాటి చట్టం పేరులోనే జూదమనే పదం ఉన్నది. మనుషుల చట్టాలు రాష్ట్ర సరిహద్దు దాటితే మారుతాయి, కాలం మారితే మారుతాయి. విశ్వాసి హలాల్, హరామ్ అతనితోనే ప్రయాణం చేస్తాయి.

"కొద్ది మొత్తమే, ఒక్కసారే" అంటారు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని మన పెద్దలు ఊరక అనలేదు. చాలా పోటీలలో బిళ్ళలు పోయినవాడు మళ్ళీ రుసుము కట్టి తిరిగి చేరవచ్చు. పోగొట్టుకొన్నచోటే వెతుక్కోవాలనే జూదరి మాటకు అక్కడ ఒక కౌంటరు, ఒక రసీదు ఉన్నాయి. ఓడినవానికి అది రెండో గుమ్మం. గెలిచినవాని సంగతి మరీ ప్రమాదం. 2003లో లాస్ వేగాస్‌లో జరిగిన ప్రపంచ పోకర్ పోటీలో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ 25 లక్షల డాలర్లు గెలిచాడు. 10,000 డాలర్ల రుసుము గల ఆ పోటీకి అతడు వంద డాలర్ల లోపు ఖర్చయ్యే అర్హత పోటీ ద్వారా వచ్చాడు. అందులో పాల్గొన్నవారు 839 మంది. మరుసటి ఏడు ఆ సంఖ్య 2,576కు చేరింది. ఒక్కని గెలుపు వేలమందికి పిలుపైంది. మిగిలిన 838 మందిలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

మాయిదా సూరా 91వ ఆయతులో అల్లాహ్ మరో రెండు కారణాలు తెలిపాడు. జూదం ద్వారా షైతాన్ మనుషుల మధ్య వైరం రగిలించదలిచాడు, దైవస్మరణ నుండి, నమాజు నుండి ఆపదలిచాడు. పోకర్ బల్ల వద్ద ఈ రెండూ కంటికి కనిపిస్తాయి. ఎదుటివానిని నమ్మించి మోసగించడం అక్కడ విద్య. పక్కవాని బలహీనత మన అవకాశం. అతడు లేచిపోతే మనకు ఊరట. పోటీ గంటల తరబడి సాగుతుంది. అస్ర్ వేళకు కూర్చున్నవాడు మగ్రిబ్ అజాన్ సమయానికి లేద్దామంటే, అతని కుర్చీ ఖాళీగా ఉన్నా తప్పనిసరి పందేలు అతని బిళ్ళల నుండి తీసివేస్తూనే ఉంటారు. నమాజుకు లేచినవానిపై జరిమానా వేసే ఆట అది. పధ్నాలుగు శతాబ్దాల క్రితం అవతరించిన హెచ్చరిక ఆ కుర్చీకే చెప్పినట్లు లేదా?

సోదరులారా! బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఉన్నది. తోటివానిని జూదమాడుదాం రమ్మని పిలిచినవాడు దానధర్మం చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆట ఇంకా మొదలు కాలేదు. పైసా చేతులు మారలేదు. నోటి నుండి పిలుపు మాత్రం వెలువడింది. ఆ మాటకే పరిహారం! అన్యాయంగా సంపాదించాలనుకొన్న చేయి వెంటనే ఇచ్చే చేయిగా మారాలన్నది ఇందులోని వివేకం. కనుక మిత్రుడు పిలిచినప్పుడు మనం తిరస్కరిస్తే మన రుసుము మాత్రమే మిగలదు, పిలిచినవాని భారం కూడా అక్కడితో ఆగుతుంది. స్నేహానికి ఇంతకంటే మేలు ఏముంది?

అల్లాహ్ మనందరినీ క్షమించుగాక! ఆయననే క్షమాభిక్ష వేడుకోండి. ఆయన మన్నించేవాడు, కరుణించేవాడు.

రెండవ ప్రసంగం

అల్లాహ్‌కు స్తోత్రాలు, ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు.

సోదరులారా! ఆచరణకు సంబంధించిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాం.

మొదటిది, మన ఊళ్ళలోని క్రికెట్ పోటీల గురించి. పదహారు జట్లు తలా కొంత కట్టి, ఆ సొమ్మునే గెలిచిన జట్టుకు ఇస్తే, దాని స్వరూపం మనం ఇంతసేపు చెప్పుకొన్నదే. మైదానం, బంతులు, అంపైర్ల ఖర్చుకే రుసుము తీసుకొని, బహుమతిని ఆటలో లేని ఒక దాత తన సొమ్ముతో ఇస్తే అది ధర్మసమ్మతం. వచ్చే పోటీకి ముందే నిర్వాహకులు ఈ మార్పు చేసుకోవాలని మనవి. యువకులకు ఆట కావాలి. కనుక నిషేధించి ఊరుకోవడం కాదు, దాతలు ముందుకు రావాలి.

రెండవది, ఇప్పటికే ఆడి గెలిచినవారి విషయం. ఆ సొమ్ము వారిది కాదు. ఎవరిదో తెలిస్తే తిరిగి ఇవ్వాలి. తెలియకపోతే పుణ్యఫలం ఆశించకుండా పేదలకు ఇచ్చి వదిలించుకోవాలని పండితులు తెలిపారు. ఎక్కడ సంపాదించావు, ఎక్కడ ఖర్చు చేశావు అని పరలోకంలో అడిగే ప్రశ్న నుండి ఎవరికీ మినహాయింపు లేదు.

మూడవది, ఓడి అప్పులపాలైనవారి విషయం. వారిని గేలి చేయకండి. సిగ్గుతో దాచిన అప్పు ఇంటిని కాల్చుతుంది. ఇంట్లో నిజం చెప్పుకొని, పెద్దలతో కూర్చుని తీర్చే మార్గం ఆలోచించనివ్వండి. పోయినదాన్ని ఆడి రాబట్టే ఆలోచన మాత్రం పూర్తిగా మానిపించండి. తౌబా ద్వారం తెరిచే ఉన్నది.

నాలుగవది, తండ్రులకు. కొడుకు గోవా వెళ్తానన్నప్పుడు కోపగించే ముందు, అతనితో ఈ లెక్క ఒకసారి వేయండి. వందమంది తెచ్చినదెంత, తీసుకుపోయినదెంత అని అడగండి. లెక్క అర్థమైనవాడు పిలుపు వచ్చినప్పుడు తానే జవాబు చెప్పగలడు.

అల్లాహ్! మాకు హలాల్ ఉపాధిని తృప్తితో సహా ప్రసాదించు. ఇతరుల నష్టంలో మా లాభం వెతికే బుద్ధి నుండి మమ్మల్ని కాపాడు. మా యువకులకు కాదని చెప్పే ధైర్యాన్ని, వారి మిత్రులకు అది వినే మనసును అనుగ్రహించు. అప్పులలో చిక్కినవారికి దారి చూపు. మా ఇళ్ళలో, మా సంపాదనలో శుభం కలిగించు. ఆమీన్.